బ్రిటన్ ప్రధానిగా సునాక్ పోయి స్టార్మర్ వచ్చాక మీకేం ఒరిగింది?

క్రాయ్‌డన్_కృష్ణ: 2024 జూలై 4న ఓటేసి ఏడాది దాటింది. సునాక్ హయాంలో స్కిల్డ్ వర్కర్ వీసాకు ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 26,200 నుంచి 38,700 పౌండ్లకు పెంచారు. స్టార్మర్ వస్తే కాస్త ఊపిరి ఆడుతుందనుకున్నా. 2025 జూలైలో 41,700 చేసి కూర్చోబెట్టాడు. వీసా మార్చుకున్నవాళ్లు, ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) దగ్గరపడ్డవాళ్లు మీ సంగతి చెప్పండి. వచ్చేసారి ఎవరికి వేస్తారు?

కేర్‌హోమ్_లక్ష్మి: మా ఏజెంటు ఇదిగో అదిగో అని తిప్పి 2024 మార్చి 11 దాటాక అప్లై చేయించాడు. ఆ రోజు నుంచే కేర్ వర్కర్లు డిపెండెంట్లను, అంటే భర్తనీ పిల్లల్నీ, తెచ్చుకోకూడదన్నారు. మా పాప నడక నేర్చుకోవడం వీడియో కాల్‌లో చూశా. ఇద్దరిలో ఎవరున్నా నాకొకటే.

స్లౌ_శ్రీను: ఒక్క నిమిషం. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఓటెలా వేశారు కృష్ణగారూ? కేసవుతుంది, పోస్ట్ తీసేయండి.

క్రాయ్‌డన్_కృష్ణ: మన ఇండియాలాంటి కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటుందండీ.

స్లౌ_శ్రీను: అది కౌన్సిల్ ఎన్నికలకే. పదకొండేళ్లుగా ఇక్కడున్నా, నాకు చెప్పొద్దు.

మాంచెస్టర్_మూర్తి: పదకొండేళ్లుండి ఒక్క ఓటూ వేయలేదా తమ్ముడూ! నేను రెండు ఎన్నికల్లో పోలింగ్ స్టేషన్ దగ్గర టెల్లర్‌గా కూర్చున్నవాణ్ని. పార్లమెంటుకూ వేయొచ్చు, స్టూడెంట్ వీసా అయినా సరే. ఆ ఓటు లేనిది ఫ్రాన్స్, జర్మనీ వాళ్లకు. ఫోటో ఐడీగా మన పాస్‌పోర్టే చాలు.

స్లౌ_శ్రీను: తమ్ముడూ గిమ్ముడూ వద్దు. టెల్లరంటే గుమ్మం దగ్గర ఓటర్ల నంబర్లు రాసుకునేవాడేగా, ఎలక్షన్ కమిషనర్‌లా మాట్లాడతావేం?

మాంచెస్టర్_మూర్తి: ఆ నంబర్లు రాసుకునేవాడికే తెలుస్తుంది ఎవరు వచ్చారో, ఎవరు ఇంట్లో పడుకున్నారో.

లెస్టర్_సుబ్బు: మీ గొడవ తర్వాత. దేశమంతా స్టార్మర్ లేబర్ పార్టీ ఊడ్చేస్తే మా లెస్టర్ ఈస్ట్‌లో మాత్రం సునాక్ కన్సర్వేటివ్ పార్టీ నుంచి శివానీ రాజా గెలిచింది. లేబర్ చేతిలోంచి వాళ్లు లాక్కున్న సీటు అదొక్కటే! పాత లేబర్ ఎంపీలు ఇద్దరు, కీత్ వాజ్, క్లాడియా వెబ్, విడివిడిగా నిలబడి ఓట్లు చీల్చారు. కన్సర్వేటివ్‌ల గొప్పేం కాదు.

గ్లాస్గో_గుంటూరోడు: చీలడమంటే గుర్తొచ్చింది. లేబర్‌కు 33.7 శాతం ఓట్లకే 411 సీట్లు. అంతకు నెల ముందే మన ఆంధ్రాలో 39 శాతం తెచ్చుకున్న వైసీపీకి 175లో 11. ఇదేం లెక్క?

లెస్టర్_సుబ్బు: అక్కడ కూటమి కట్టి ఒక్కటిగా వచ్చారు, ఇక్కడ రిఫార్మ్ పార్టీ వచ్చి కన్సర్వేటివ్ ఓటు తినేసింది. లెక్క అంతే. ఇక రాష్ట్రం ఎత్తకు బాబూ, ఈ చర్చ కూడా మూసేస్తారు.

గ్లాస్గో_గుంటూరోడు: సరే, ఇక్కడి ముచ్చటే. సునాక్ గొడుగు లేకుండా వానలో తడుస్తూ ఎన్నికలు ప్రకటించినప్పుడే అనుకున్నా, అయిపోయిందని. ఆంధ్రాలో అయితే ఫలితాలొచ్చిన ఎనిమిది రోజులకు ప్రమాణస్వీకారం. ఇక్కడ రాత్రి లెక్కపెట్టి మర్నాడే రాజుగారి దగ్గరికి, అట్నుంచి ప్రధాని ఇల్లు డౌనింగ్ స్ట్రీట్‌కి. పాతాయన సామాను సర్దుకునే టైమైనా ఇవ్వరు.

రెడింగ్_రమ్య: నేనిక్కడికొచ్చి నాలుగున్నరేళ్లయింది. 2025 మేలో ప్రభుత్వ శ్వేతపత్రంలో ఐఎల్ఆర్‌కు అయిదేళ్లు కాదు, పదేళ్లు అన్నారు. ఇల్లు చూసుకున్నాం, డిపాజిట్ కట్టాలో వద్దో తెలీక టెన్షన్. లేబర్‌కే వేశా, చెప్పుతో కొట్టుకోవాలి.

స్లౌ_శ్రీను: మూర్తిగారూ, పేరు నమోదుకు నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఒక్కటి చాలా?