బరంపురంలో పాత సర్కారు క్వార్టర్స్ ఖాళీ చేయిస్తున్నారు, పెద్దోళ్ళకి ఎలా సాయం చెయ్యాలి?

అందరికీ నమస్తే. మాది బరంపురం, మా వీధి వెనక పాత సర్కారు క్వార్టర్స్ ఉన్నాయి, సగం మంది తెలుగోళ్ళే, ఇప్పుడు అవి కొట్టేసి ఊరి చివర కొత్త ఫ్లాట్లలోకి మారమంటున్నారు. నోటీసేమో మొత్తం ఒడియాలో, మన ముసలోళ్ళకి ఒడియా మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు, అందుకని సాయంత్రం పూట నేనే కూచుని చదివి చెప్తున్నా.

ఒక మామ్మగారు ట్రంకు పెట్టె తీసి అద్దె రసీదుల కట్ట చూపించారు, పసుపు దారంతో కట్టి, అన్నీ చనిపోయిన తాతగారి పేరు మీదే. కొత్త ఫ్లాట్లు ఇచ్చేవాళ్ళ లిస్టులో ఆవిడ పేరు లేదు! డెత్ సర్టిఫికెట్, లీగల్ హెయిర్ సర్టిఫికెట్ పెట్టి అర్జీ ఇస్తే పేరు మారుస్తారా, ఇంకేమైనా అడుగుతారా? ఎవరైనా చేయించారా?

ఆధార్ అడ్రస్ ఫర్వాలేదు, సొంత ప్రూఫ్ లేకపోయినా కుటుంబ పెద్ద ఆధార్‌తో మార్చుకోవచ్చు, 2023 నుంచి ఆన్‌లైన్లో ఉంది, కాకపోతే ఆ పెద్ద 30 రోజుల్లోపు ఒప్పుకోవాలి. రేషన్ కూడా వేరే షాపులో వేలిముద్రేసి తీసుకోవచ్చు. నా బెంగంతా మోకాళ్ళ నొప్పులోళ్ళకి గ్రౌండ్ ఫ్లోర్ ఇప్పించడం గురించే, ఎవరికే ఫ్లాటో తేల్చే లాటరీకి ముందే అర్జీ పెట్టాలా, తర్వాత పక్కోళ్ళతో మార్చుకోనిస్తారా? రాయగడ, పర్లాకిమిడి వైపు ఇలా మారినోళ్ళుంటే కాస్త చెప్పండి, మామ్మగారు రోజూ అడుగుతున్నారు, తులసికోట ఎక్కడ పెట్టుకోనురా అని కూడా.