తెలుగు చదవడం మానేసిన స్నేహితులకు మొదట ఏ పుస్తకం ఇవ్వాలి?

తెనాలివాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటున్న మా స్నేహితులు నలుగురు ఈ మధ్య తమకు సరిపడే తెలుగు పుస్తకం ఒక్కొక్కటి ఇమ్మని నన్ను పట్టుబట్టి అడుగుతున్నారు. నలుగురూ ఇంగ్లీషు నవలలు విరివిగా చదివేవారే గానీ, బడి పాఠ్యపుస్తకాల తరవాత తెలుగు పుస్తకం ముట్టినవారు కారు. ఒకరు చిత్తూరు జిల్లాకు చెందిన వైద్యుడు. ఇంకొకరు వరంగల్ అమ్మాయి. నైజాం కాలంలో దొరల గడీలూ (కోటల్లాంటి ఇళ్లు) వెట్టిచాకిరీ గురించి తాతగారు చెప్పగా విని పెరిగింది. మూడో మిత్రుడు పుట్టి పెరిగింది ముంబైలో కావడం వల్ల తెలుగు ధారాళంగా మాట్లాడినా, చదవడం మాత్రం కూడబలుక్కునే చదువుతాడు. నాలుగో ఆమెకు మనుషుల మనస్సు లోపలికి వెళ్లి చూసే నవలలంటే చాలా ఇష్టం.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనవి విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’, బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’. వాటినే ఇద్దామనుకుంటే, అంత పెద్ద పుస్తకం చూడగానే వాళ్లు బెదిరిపోతారని మా అక్క అంటోంది. వీళ్ల చేత ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదివించాలన్నది నా కోరిక. ఎవరికి ఏది ఇవ్వమంటారు? ఇచ్చేటప్పుడు కథ కొంత చెప్పి ఇవ్వడం మంచిదా, చెప్పకుండా ఇవ్వడం మంచిదా?

పలమనేరు పాఠకురాలు:

తెనాలివాసి గారూ, ఆ వైద్య మిత్రుడికి ఇంకేమీ ఆలోచించకుండా డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఇవ్వండి. ఆయనది కూడా చిత్తూరు జిల్లాయే, వృత్తి కూడా వైద్యమే. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ రచనలు చేశారు. చిన్న నవల కాబట్టి సెలవు రోజున ఒక్క ఊపులో చదివేయవచ్చు.

కథ కూడా ఒక్క రాత్రికి సంబంధించినదే. పందులు మేపుకునే ఒక ముసలివాడు పొద్దుగూకాక ఇంటికి రాని పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. అది అక్కడ ఈని ఉంటుంది. పిల్లల దగ్గరికి ఎవరినీ, చివరికి తనను సాకిన మనిషిని కూడా రానివ్వదు. చుట్టూ చీకట్లో నక్కలు పొంచి ఉంటాయి. ఇంతకు మించి నేను చెప్పను, మీరూ చెప్పకండి. ముసలివాడు దాన్ని కోప్పడడం, బుజ్జగించడం, అడవిలో వినిపించే ప్రతి చప్పుడునూ పోల్చుకోవడం చదువుతుంటే, మనం కూడా ఊపిరి బిగబట్టి ఆ పొదల పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది. సమాజం అంచున బతికే మనిషిని జాలితో కాకుండా ఇంత గౌరవంతో చూపించిన నవలలు ఏ భాషలోనైనా అరుదేనని నా నమ్మకం.

‘వేయిపడగలు’ గొప్పదే, కాదనను. పి.వి. నరసింహారావు గారంతటివారు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. అయినా తెలుగు చదివే అలవాటు తిరిగి వచ్చిన తరవాత, రెండో ఏట ఇవ్వవలసిన పుస్తకం అది.

ఓరుగల్లు:

వరంగల్ మిత్రురాలికి దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ ఇవ్వండి. ఆమె తాతగారు చెప్పిన గడీ, దేశ్‌ముఖ్ అనే భూస్వామి, వెట్టి, దొరల ఇళ్లలో దాసీలుగా బతికిన ఆడబాపలు అన్నీ అందులో కనిపిస్తాయి. పైగా పాత్రలు ఆ కాలపు తెలంగాణ మాటలోనే మాట్లాడతాయి గనుక, ఇంట్లో విన్న పలుకుబడి పుస్తకంలో ఎదురైనప్పుడు ఆమెకు కలిగే ఆనందం వేరుగా ఉంటుంది. పాఠ్యపుస్తకాల తెలుగును మాత్రమే తెలుగు అనుకుని దూరమైనవాళ్లను మళ్లీ దగ్గరికి తీసుకురావడానికి ఇటువంటి పుస్తకాన్ని మించిన మార్గం లేదు.

అది నచ్చితే తరవాత వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’ అందించండి. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుని తిరిగి జనానికి చేర్చిన మనిషి. పుస్తకం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందితేనే సమాజం కదులుతుందని నమ్మిన ఆయన రచనను, స్నేహితుల మధ్య చేతులు మారే పుస్తకాల్లో తప్పక ఉంచాలని నా విన్నపం.

కథాభిమాని:

ముంబై మిత్రుడికి అసలు నవలే ఇవ్వవద్దు. కూడబలుక్కుని చదివే మనిషికి ఆ రోజు మొదలుపెట్టింది ఆ రోజే పూర్తయిందన్న తృప్తి దక్కాలి. అందుకు సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ సరిగ్గా సరిపోతాయి. మొత్తం నూరు కథలు, అన్నీ చిన్నవే. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు గారి బొమ్మలతో వచ్చాయి. ఆ సంపుటికి 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ‘వరద’తో మొదలుపెట్టమనండి. కృష్ణ పొంగి ఊరిని ముంచెత్తితే, అంతవరకూ మనుషుల మధ్య అడ్డుగోడలుగా నిలిచిన ఆచారాలు ఆకలి ముందు ఏమైపోయాయో ఆయన కొద్ది పేజీల్లోనే చూపించారు. తరవాత ‘సుడిగుండంలో ముక్కుపుడక’, ‘రెండు గంగలు’ చదవమనండి.

ఇంకొక్క మాట. వారానికి ఒక కథ మీరు ఫోనులో పైకి చదువుతూ ఉంటే, ఆయన తన ప్రతిలో వరుసల వెంట వేలు పెట్టుకుని రావచ్చు. మా బంధువుల పిల్లలకు నేను ఈ పద్ధతిలోనే చదివిస్తున్నాను. ఒత్తులూ గుణింతాలూ విడిగా నేర్పనక్కర లేకుండానే చదువు వేగం పుంజుకుంటోంది.

రాత్రి చదువరి:

పై సూచనలన్నింటితోనూ ఏకీభవిస్తున్నాను గానీ, ‘చివరకు మిగిలేది’ని పక్కన పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. నాలుగో మిత్రురాలికి అదే తగిన పుస్తకం. తల్లి గురించి లోకం అనుకునే మాటల నీడ దయానిధి జీవితమంతా పరుచుకోవడం, తనను ప్రేమించే మనుషుల దగ్గర కూడా అతడు నిలవలేకపోవడం బుచ్చిబాబు గారు ఎంత ఓపికగా విప్పుతారంటే, మనస్తత్వ నవలలు ఇష్టపడేవారు మధ్యలో వదిలిపెట్టలేరు. తెలుగుకు దూరమైనంత మాత్రాన పాఠకుల అభిరుచి చిన్నదైపోదు కదా! ఇతర భాషల్లో గంభీరమైన నవలలు చదివే మనిషికి తెలుగులోనూ ఆ స్థాయి రచననే ఇవ్వడం ఆమెను గౌరవించడమవుతుంది.

కథ చెప్పి ఇవ్వాలా అన్న ప్రశ్నకు నా సమాధానం: కథ వద్దు, ఆ పుస్తకంలో మీకు నచ్చిన ఒక్క పేరా చదివి వినిపించి ఇవ్వండి. మన పుస్తకాల్లో ముందుమాటలు రాసే పెద్దలు తరచుగా కథంతా అక్కడే చెప్పేస్తారు గనుక, వాటిని చివర్లో చదవమని మరీ మరీ చెప్పండి. ఇచ్చాక ఎంతవరకు వచ్చిందని వారం వారం అడగకండి. పుస్తకం అప్పుగా తీసుకున్న బాకీలా తోచిందంటే ఇక దాన్ని తెరవరు.

తెనాలివాసి:

అందరికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. నలుగురికీ మీరు చెప్పిన నాలుగు పుస్తకాలే ఇస్తాను. ‘వేయిపడగలు’ ప్రస్తుతానికి నా అలమరలోనే ఉంటుంది. అమరావతి మా వైపు ఊరే కాబట్టి ఫోనులో కథలు చదివే పని సంతోషంగా మొదలుపెడతాను. జనవరిలో ఊరికి వస్తున్నాను. ఈ పుస్తకాలన్నీ ఒకేచోట దొరికే అవకాశం ఉందా?

కథాభిమాని:

జనవరి మొదట్లోనే వస్తే విజయవాడ పుస్తక ప్రదర్శనలో చూడండి. అన్ని ప్రచురణ సంస్థలూ అక్కడ దుకాణాలు పెడతాయి కాబట్టి వీటిలో చాలావరకు దొరుకుతాయి. వీలు కాకపోతే విశాలాంధ్ర వారి దుకాణంలో అడగండి. ‘అమరావతి కథలు’ కొనేటప్పుడు రెండు ప్రతులు తీసుకోండి, చదివి వినిపించడానికి మీ దగ్గరా ఒకటి ఉండాలి. బాపు గారి బొమ్మలున్న ముద్రణే కావాలని అడగడం మరిచిపోకండి.