సముద్రం మధ్య సబ్‌స్టేషన్: గ్యాస్ సెన్సర్లు సరిపోతాయా, రెండో ట్రాన్స్‌ఫార్మర్ కావాలా?

లెక్కలమనిషి:
గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్రపు గాలి విద్యుత్తు పెట్టడానికి 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్ల పథకానికి ఒప్పుకుంది. సముద్రంలో సబ్‌స్టేషన్లు కట్టే పని పవర్‌గ్రిడ్‌ది. నా వాదన ఇది: ప్లాట్‌ఫాం మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పెట్టి, దానికి సెన్సర్లన్నీ బిగిస్తే సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కరిగిన గ్యాసులు చూసి జబ్బు ముందే చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా. రెండోది పెడితే దాని ధరతో పోదు. ఆ బరువు మోసే ఉక్కు, ఎత్తిపెట్టే క్రేన్ ఓడ కూడా మన నెత్తిమీదే.

220కేవీ_పాతకాపు:
డెన్మార్క్‌లో నిస్టెడ్ సముద్రపు విండ్ ఫార్మ్ చూడండి. 2003లో కట్టారు. 72 గాలిమరలు, 165.6 మెగావాట్లు, సముద్రంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. 2007లో అది పోయింది. ఒడ్డుకు తెచ్చి, బాగుచేసి, మళ్లీ పట్టుకెళ్లేదాకా నెలల తరబడి మొత్తం ఫార్మ్ ఆగిపోయింది. గాలి వీస్తూనే ఉంది, మరలు బాగానే ఉన్నాయి, కరెంటు బయటికొచ్చే దారే లేదు. సెన్సర్ ముందే చెప్పిందే అనుకుందాం. చెప్తే ఏం చేస్తారు? ఆ ఒక్కదాన్నీ మీరే ఆపాలి. నష్టం ఎటూ తప్పదు.

ఉత్తరసముద్రం_నైట్‌షిఫ్ట్:
పాతకాపు గారూ, మరీ అంత తీసిపారేయకండి. ముందే తెలిస్తే లోడు తగ్గించి వేసవి దాకా లాక్కురావచ్చు, ఈలోగా వైండింగ్‌కి, అంటే లోపలి తీగచుట్లకి, ఆర్డర్ పెట్టొచ్చు. మామూలు సిబ్బంది పడవ మీంచి నిచ్చెన పట్టుకోవాలంటే అల సుమారు ఒకటిన్నర మీటరు దాటకూడదు. చలికాలంలో అలాంటి రోజు కోసం కాచుకు కూర్చోవాలి. ఇక పరీక్షకి నూనె శాంపిల్ తీయడం ఎంత యాతనో మీకు తెలియంది కాదు. వాల్వు దగ్గర నిలవున్న నూనె వదిలేయాలి, గాజు సిరంజిని అదే నూనెతో కడగాలి, బుడగ రానివ్వకూడదు, వెలుతురు తగలనివ్వకూడదు. బుడగ వచ్చిందా, హైడ్రోజన్ అందులోకి జారుకుంటుంది, రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. మళ్లీ పడవ. ఆ ఒక్క కారణానికే ఆన్‌లైన్ మానిటర్ డబ్బు గిట్టుబాటవుతుంది.

220కేవీ_పాతకాపు:
మానిటర్ వద్దని నేనెక్కడన్నాను? దాన్ని నమ్ముకుని రెండోది మానేయొద్దంటున్నా. మా దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో మెయిన్ ట్యాంకు నూనెలో ఎసిటిలీన్ వచ్చింది. ఎసిటిలీన్ అంటే ఆర్కింగ్, లోపల నిప్పురవ్వలు లేస్తున్నట్టు, అందరికీ కాళ్లు చల్లబడ్డాయి. తీరా చూస్తే ట్యాప్ చేంజర్ (వోల్టేజీ సర్దే స్విచ్) గదిలోని నూనె సీలు దగ్గర ఊరి ట్యాంకులోకి వస్తోంది. స్విచ్ మారినప్పుడల్లా అక్కడ నిప్పురవ్వ మామూలే, ఆ గ్యాసే ఇది. రెండు కన్సర్వేటర్లలో, అంటే పైనుండే నూనె డబ్బాల్లో, నూనె మట్టాలు పోల్చి చూస్తే అనుమానం వచ్చింది. జీపేసుకుని వెళ్లాం కాబట్టి ఒక పూటలో తేలింది. అదే సముద్రంలో అయితే, ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, ఫోనులో అలారం చూసిన ఇంజినీరు ఆపాలా వద్దా? ఆపితే మేనేజ్‌మెంటు తిడుతుంది, ఆపకపోతే ట్యాంకు పగలొచ్చు. ఈ మీమాంసలో పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

లెక్కలమనిషి:
సిగ్రే అనే అంతర్జాతీయ విద్యుత్ ఇంజినీర్ల సంస్థ సర్వేలో సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు ఏడాదికి 1 శాతం లోపే పెద్దగా చెడిపోయాయి. అంత అరుదైన దానికి జోడీ ఎందుకు?

ఉత్తరసముద్రం_నైట్‌షిఫ్ట్:
ఆ అంకె మీ సాఫ్ట్‌వేర్‌కే ఎదురు తిరుగుతుంది. చెడిపోయేవి అంత తక్కువైతే అది నేర్చుకునేది దేన్ని చూసి? దానికి తోడు గాలి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పొద్దున నిండుగా, మధ్యాహ్నం సున్నా. వేడెక్కి చల్లారుతుంటే తీగచుట్ల మీది కాగితంలోని తేమ నూనెలోకి పోయి వస్తుంటుంది. ఊళ్లో సబ్‌స్టేషన్ డేటాతో నేర్చిన మోడల్ దీన్ని చూసి కంగారు పడుతుంది. ఇంకోటి, బుషింగ్ (తీగ ట్యాంకు బయటికొచ్చే చోటి ఇన్సులేటర్) లోపల పాడవుతుంటే ట్యాంకు నూనెలో గ్యాసు కనపడదు. దానికి కెపాసిటెన్స్, టాన్ డెల్టా (ఇన్సులేషన్ ఎంత బాగుందో చెప్పే కొలతలు) విడిగా చూడాలి.

కొత్తఇంజినీర్:
మరి ఒక్కో మరలో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల సంగతేంటండీ?

220కేవీ_పాతకాపు:
డ్రై టైపు (నూనె పోయనిది) అయితే నూనే లేదు, గ్యాసు పరీక్షా లేదు. డెన్మార్క్‌లోనే హార్న్స్ రెవ్ ఫార్మ్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్ల గొడవతో 2004లో 80 మరల నాసెల్‌లూ (స్తంభం మీది యంత్రాల గదులు) దించి ఒడ్డుకు తెచ్చారు. అది తయారీ దగ్గర పట్టుకోవాల్సిన సంగతి తమ్ముడూ.

ఉత్తరసముద్రం_నైట్‌షిఫ్ట్:
లెక్కలమనిషి గారూ, జోడీ అంటే రెట్టింపు సైజు కాదు. 500 మెగావాట్ల ఫార్మ్‌కి 250వి రెండు పెట్టండి. ఒకటి పోయినా గాలి 200 ఇచ్చే రోజున మీకు పైసా నష్టం లేదు, 250 దాటిన గంటల్లోనే నష్టం. సెన్సర్ కూడా అప్పుడే పనికొస్తుంది. అనుమానం వస్తే ఒకదాన్ని ఆపి తీరిగ్గా చూస్తాం, రెండోదాని మీద ఎంతసేపు ఓవర్‌లోడు వేయొచ్చో వైండింగ్‌లో అతి వేడి చోటు కొలిచే హాట్‌స్పాట్ ఫైబర్ చెప్తుంది.

లెక్కలమనిషి:
250వి రెండు అయితే ఒప్పుకుంటా, లెక్క కుదురుతోంది. కానీ గ్యాసు ఏ వేగంతో పెరిగితే ఎంత లోడు తగ్గించాలో, ఎవర్నీ అడక్కుండా షిఫ్టు ఇంజినీరే తగ్గించొచ్చని టెండర్‌లోనే రాయాలి. లేకపోతే రెండు పెట్టినా మీరన్న మీమాంసే. అది సరే, ఒడ్డుకు కేబుల్ ఒకటే వేస్తే ఈ రెండూ ఎందుకండీ?

220కేవీ_పాతకాపు:
దానికి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడికీ వస్తా.