న్యూయార్క్ కన్నా లాస్ ఏంజిలెస్‌లోనే జనసాంద్రత ఎక్కువంటే ఒప్పుకుంటారా?

కాలవగట్టు: 2020 జనాభా లెక్కలతో అమెరికా సెన్సస్ బ్యూరో ఇచ్చిన పట్టణ ప్రాంతాల పట్టిక ఒకసారి చూడండి. చదరపు మైలుకి లాస్ ఏంజిలెస్‌లో 7,476 మంది, న్యూయార్క్‌లో 5,981 మంది. తూర్పున మేడలు, పడమట కార్లూ ఖాళీ జాగాలూ అని రాసేవాళ్లు దీనికేమంటారు?

బెజవాడ బుల్లోడు: న్యూయార్క్ సబ్‌వే, అదే భూగర్భ రైలు, ఎక్కినవాడెవడూ ఈ మాట అనడు.

గజంబద్ద: ఏ గీత లోపల కొలిచారన్నది చెప్పకుండా అంకెలు పెడితే ఎలాగండీ? న్యూయార్క్ నగరం 300 చదరపు మైళ్లు, 88 లక్షల జనం. మైలుకి 29 వేల పైచిలుకు. మీ పట్టికలోది నగరం కాదు, 3,248 చదరపు మైళ్ల ప్రాంతం. న్యూజెర్సీ, లాంగ్ ఐలాండ్, అన్నీ అందులోకి లాగారు. మైలుకి 425 ఇళ్లున్న బ్లాకులతో మొదలుపెట్టి, తర్వాత 200 ఇళ్లున్నవాటినీ కలుపుకుంటూ పోతారు. మధ్యలో ఖాళీ వస్తే మైలున్నర దాకా దూకనిస్తారు. చదరపు మైలంటే 640 ఎకరాలు. 200 ఇళ్లంటే మూడెకరాలకి ఒక ఇల్లన్నమాట. అదీ పట్టణమే వాళ్ల లెక్కలో!

కాలవగట్టు: లాస్ ఏంజిలెస్‌కీ అదే గీత, అవే 200 ఇళ్లు. మరి అక్కడెందుకు పలచబడలేదు? ప్లాట్లు చూడండి. ఆ నగరంలో మామూలు ఆర్1 జోన్‌లో, అంటే ఒంటి ఇళ్లకి కేటాయించిన చోట, కనీస ప్లాటు 5,000 చదరపు అడుగులు, అంటే 555 గజాలు. న్యూజెర్సీ శివార్లలో ప్లాటు కనీసం ఎకరం ఉండాలన్న టౌన్‌షిప్‌లు (సొంత పాలక బోర్డులున్న ఊళ్లు) బోలెడు, అంటే 4,840 గజాలు. రోడ్లు పోను కూడా లాస్ ఏంజిలెస్ ప్లాట్లు ఏడు పడతాయి అందులో. పైగా అటు సముద్రం, ఇటు శాన్ గాబ్రియేల్ కొండలు. బిల్డరు కొండ మొదలు దాకా అవే చిన్న ప్లాట్లు కొట్టుకుంటూ పోయాడు.

గజంబద్ద: సగటు కాదండీ, మనిషి ఉన్నచోట సాంద్రత ఎంతో తీయాలి. చదరపు మైలు జాగాలో 9,000 మంది, పక్కన తొమ్మిది చదరపు మైళ్లలో 1,000 మంది ఉన్నారనుకోండి. సగటు తీస్తే మైలుకి 1,000. ఆ అంకెలో బతికేవాడు ఒక్కడూ లేడు. ఒక్కో ట్రాక్టు (జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ముక్క) జనాన్ని దాని సాంద్రతతో గుణించి, అన్నీ కూడి, మొత్తం జనంతో భాగించండి. ఈ ఉదాహరణకి 8,111 వస్తుంది. 2010 లెక్కలతో సెన్సస్ బ్యూరోయే మెట్రో ప్రాంతాలకి, అంటే నగరం, శివార్లు కలిపి, ఇలా తీసింది. న్యూయార్క్ 31 వేలు, లాస్ ఏంజిలెస్ 12 వేలు. మీరే చేసుకునేట్టయితే ఒక జాగ్రత్త: ట్రాక్టులో విమానాశ్రయమో కొండో ఉంటే దాని అంకె ఊరికే పడిపోతుంది.

పాలమూరోడు: లెక్కలు మంచిగనే ఉన్నయ్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కారు లేకుండ కూరగాయలకు పోవుడు యాడ కుదురుతది, గది చెప్పుండ్రి. న్యూజెర్సీ ఎడిసన్‌ల, మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డు పక్కన ఇల్లుంటె సరే, లేకుంటె అక్కడ గూడ కారే.

కాలవగట్టు: చూశారా? ఆ టౌన్‌షిప్‌లని న్యూయార్క్ నుంచి కోసేసి, మిగిలినదానికి దండేస్తే ఎలా? ఎకరం ప్లాట్లలో కూర్చుని పక్కవాడి సబ్‌వే చూపించి గొప్పలు పోవడం బాగానే ఉంది!

గజంబద్ద: మర్యాదగా మాట్లాడండి. ఎకరం నిబంధన ఎవడో సరదాకి పెట్టింది కాదు. మురుగు లైను లేనిచోట సెప్టిక్ ట్యాంకు, దాని వెనక నీళ్లు ఇంకే లీచ్ ఫీల్డు, తాగడానికి సొంత బావి. ఫీల్డుకీ బావికీ వంద అడుగులుండాలి. పక్కింటివాళ్ల బావికీ అంతే. 555 గజాల్లో అవన్నీ ఎక్కడ పెడతారు?

కాలవగట్టు: మురుగు లైను వేయనివ్వంది ఎవరు? లైనొస్తే అపార్ట్‌మెంట్లు వస్తాయని ఆపేది ఆ టౌన్‌షిప్ బోర్డులే. 1975లోనే మౌంట్ లారెల్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది, తక్కువ ఆదాయం వాళ్లు రాకుండా జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చన్న నిబంధనలు) పెట్టడం కుదరదని. కాలిఫోర్నియా 2022 నుంచి ఒంటి ఇంటి ప్లాటుని రెండుగా కోసి, ఒక్కోదాంట్లో రెండేసి ఇళ్లు కట్టుకోనిస్తోంది. షరతులున్నాయి, అది వేరే సంగతి.

గజంబద్ద: కట్టుకోనిస్తారు సరే, పిల్లలొస్తే బడి ఖర్చు? న్యూజెర్సీలో బడులు చాలావరకు నడిచేది ఆస్తి పన్ను మీద. దేశంలో ఆ పన్ను బాదుడులో ముందుండే రాష్ట్రం అది. నాలుగు వందల ఫ్లాట్లు లేస్తే పెరిగే బిల్లు ఉన్నవాళ్ల నెత్తినే పడుతుంది. మా టౌన్‌షిప్‌లో ఏటా కడుతున్నది చాలు.

కాలవగట్టు: ఇప్పుడొచ్చారు దారికి. సెప్టిక్ ట్యాంకు కాదు, బడి. ఎవరి పిల్లలు వస్తారన్నదే మీ బాధ.

పాలమూరోడు: కొత్త ఫ్లాట్లు గూడ పన్ను కడ్తయ్ గద సార్?

గజంబద్ద: కడతాయి, ఇంటికి ఎంతమంది పిల్లలన్నదాన్ని బట్టి చాలొచ్చు, చాలకపోవచ్చు. ట్యాంకు సంగతీ నిజమే, బడి సంగతీ నిజమే. ఇంతకీ ఆ 12 వేలకి మీరింకా జవాబివ్వలేదు.