ఈజిప్టు శిల్పులకు భయం చెక్కడం వచ్చా, రాదా?

రాతిబొమ్మ:
ఎన్ని ఫొటోలు చూసినా ప్రాచీన ఈజిప్టు బొమ్మల మొహాల్లో నాకు భయం కనబడలేదు. నార్మెర్ ఫలకం (తొలినాటి ఈజిప్టు రాజు నార్మెర్ బొమ్మలు చెక్కిన రాతిపలక) మీద రాజు శత్రువు జుట్టు పట్టుకుని గద ఎత్తితే, చావబోయేవాడి మొహమూ మామూలుగానే ఉంది. వాళ్లకి భయం చూపించడం రాదనే నా అభిప్రాయం. కాదంటే ఉదాహరణ చెప్పండి.

పాలేరు:
మొహం కాదండీ, ఒళ్లు చూడండి. మీరన్న ఫలకంలోనే అడుగున ఇద్దరు పారిపోతున్నారు, తలలు మాత్రం వెనక్కి తిరిగి ఉన్నాయి. తరుముకొస్తున్నవాడు ఎంత దగ్గర్లో ఉన్నాడోనని చూసే చూపు అది.
కైరో దగ్గరి పాత శ్మశానం సక్కారాలో, ‘తి’ అనే అధికారి సమాధికి రండి, సుమారు క్రీ.పూ. 2400 నాటిది. మంద నీళ్లు దాటుతోంది. కాపరి లేగదూడను వీపున వేసుకున్నాడు. దూడ మెడ తిప్పి తల్లికేసి చూస్తోంది, తల్లి మోరెత్తి అరుస్తోంది. దగ్గర్లోనే ప్తాహ్‌హోతెప్ అనే మరో అధికారి సమాధిలో సింహం ఒక పశువు మూతి కరిచిపట్టుకుంది. ఆ పశువు నిలుచున్నచోటే పేడ వేసేస్తోంది! మా ఇంట్లో గొడ్లున్నాయి. బెదిరిన గొడ్డును కళ్లారా చూసినవాడే అలా చెక్కగలడు.

రాతిబొమ్మ:
దూడది భయం కాదు, తల్లి మీద బెంగ. పేడ సంగతి ఒప్పుకుంటాను. మరి మనుషుల మాటేమిటి?

నైలుగట్టు:
చెక్కడం రాక కాదు, ఎవరి భయం చూపించవచ్చో వాళ్లకో లెక్క ఉంది. క్రీ.పూ. 1274లో సిరియాలో హిట్టైట్లతో ఈజిప్టు చేసిన కాదేష్ యుద్ధం గురించి గుళ్ల గోడల మీద చెక్కిన కావ్యంలో, ఈజిప్టు రాజు రెండో రామ్సెస్‌కి డాలు పట్టే మెన్నాకి గుండె జారిపోయి ఒళ్లంతా భయం పట్టుకుందని ఉంది. బొమ్మల్లో మాత్రం రాజు పగ్గాలు నడుముకి చుట్టుకుని ఒంటరిగా రథం మీద ఉంటాడు. మెన్నా భయం అక్షరాల్లోనే ఆగిపోయింది. అటు శత్రువైన అలెప్పో రాజునేమో, నదిలో మునిగితే తలకిందులుగా పట్టుకుని నీళ్లు కక్కిస్తున్నట్టు చూపించారు. ఇది కళ చేతగాకపోవడం కాదు, రాజు కొలువు పెట్టిన హద్దు.

పాలేరు:
హద్దు నిజమే. కానీ ఆ హద్దులోనే శిల్పి మనసు కూడా పెట్టాడు. ఈజిప్టుకి దక్షిణాన ఉన్న నూబియాలో అదే రామ్సెస్ కట్టించిన బైత్ అల్ వలీ గుడిలో, గాయపడ్డ నూబియన్‌ను ఇద్దరు చెరోపక్క పట్టుకుని ఊళ్లోకి నడిపించుకొస్తున్నారు. అక్కడ ఒకావిడ ఇంకా కుండ దగ్గర వంగి వంట చేస్తోంది. రాజు గెలిచాడని చెప్పడానికి ఆ కుండ అక్కర్లేదు కదండీ.