భుజం స్కాన్‌లో నల్ల మచ్చ: చిరుగా, ప్రోబ్ కోణం వల్లా?

ఇంగ్లండ్‌లో ఒక జీపీ సర్జరీలో (ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్) ఫిజియోథెరపిస్ట్‌ని. భుజం నొప్పితో వచ్చేవాళ్లు డాక్టర్ కంటే ముందు నన్నే కలుస్తారు. చేత్తో పరీక్ష చేశాక చిన్న అల్ట్రాసౌండ్‌తో కూడా చూస్తున్నాను: లీనియర్ ప్రోబ్ (చర్మం మీద ఆనించే స్కాన్ పరికరం), 12 మెగాహెర్ట్జ్, లోతు 3 సెం.మీ.

సుప్రాస్పైనాటస్ (చేయి పక్కకి ఎత్తే భుజం కండరం) టెండన్ ఎముకకు అతుక్కునే చోట, లోపలి, అంటే కీలు వైపు, 3-4 మి.మీ. నల్ల మచ్చ కనిపిస్తోంది. టెండన్ అక్కడ వంపు తిరుగుతుంది కాబట్టి, అల్ట్రాసౌండ్ కిరణం దానిమీద నిటారుగా పడకపోతే బాగున్న టెండన్ కూడా నల్లగానే కనిపిస్తుంది. అందుకే పేషెంట్ చేతిని వెనక జేబు మీద పెట్టించి, ప్రోబ్‌ను అటూ ఇటూ వాల్చి, నిలువుగా, అడ్డంగా చూశాను. గెయిన్ (చిత్రం వెలుగు) తగ్గించాను, ఫోకస్ టెండన్ లోతుకి తెచ్చాను, రెండో భుజంతో పోల్చాను. కొందరిలో మచ్చ పూర్తిగా పోతోంది. సగమే తగ్గేవాళ్లతోనే చిక్కు. వాళ్లకి బలం బాగానే ఉంది, చేయి పక్కకి ఎత్తితే 60 నుంచి 120 డిగ్రీల మధ్య మాత్రం నొప్పి.

ఊరికే 'చిరిగింది' అంటే టెన్షన్‌తో చేయి కదపడమే మానేస్తారు. అది నాకు అసలు ఇష్టం లేదు.

ఎంత వాల్చినా సగమే తగ్గే మచ్చను పాక్షిక చిరుగు అని తేల్చడానికి మీరు స్కాన్‌లో ఏ గుర్తు చూస్తారు?