అందరూ నిద్రపోయాక కూడా మా నెట్ డబ్బా దీపాలు ఆగకుండా మిణుకుమంటున్నాయి

వేదాయపాళెం లెక్కలు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గరే రొయ్యల మేత దుకాణాలకు, కోవూరు వైపు రెండు బియ్యం మిల్లులకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. ఇంట్లో రెండు కంప్యూటర్లు, ప్రింటర్, టీవీ, మూడు ఫోన్లు, నాలుగు కెమెరాల రికార్డర్ ఉన్నాయి. మొత్తం ఎనిమిది, అన్నీ ఒకే రౌటర్ మీద. నెల రోజులుగా రాత్రి పదకొండు దాటితే నెట్ నత్తనడక నడుస్తోంది. మొన్న అర్ధరాత్రి లేచి చూస్తే, ఇంట్లో ఎవరూ ఏమీ వాడకపోయినా డబ్బా దీపాలు గబగబా కొట్టుకుంటున్నాయి. రౌటర్ జాబితాలో పదమూడు పరికరాలు కనిపించాయి. రొట్టెల పండుగకు వచ్చిన బంధువులందరికీ వైఫై పాస్‌వర్డ్ చెప్పిన మాట నిజమే, కానీ వాళ్లు వెళ్లిపోయి చాలా కాలమైంది. నా దగ్గర ఉన్నవి ఇతరుల లెక్కలు. భయంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సంతపేట (ఒంగోలు)
కంగారు పడకండి, వరుసగా చూద్దాం. ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. వైఫైలో చేరడానికి కొట్టే పాస్‌వర్డ్ వేరు, రౌటర్ లోపలి అమరికలు మార్చడానికి కొట్టే పాస్‌వర్డ్ వేరు. చాలామంది మొదటిది మార్చి ఊరుకుంటారు. రెండోది డబ్బా అడుగున అంటించిన చీటీ మీద ఉన్నదే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, పైన చిరునామా గడిలో 192.168.1.1 అని కొట్టి చూడండి. కొన్ని డబ్బాలకు చిరునామా వేరుగా ఉంటుంది, అదీ చీటీ మీదే రాసి ఉంటుంది. అక్కడ రెండు పాస్‌వర్డ్‌లూ మార్చండి, ఒకదానికి ఒకటి పోలిక లేకుండా.

తర్వాత డబ్ల్యూపీఎస్ అనే సదుపాయాన్ని ఆపేయండి. పాస్‌వర్డ్ కొట్టకుండా ఒక బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేర్చేది అది. అందులోని ఎనిమిదంకెల పిన్‌ను రౌటర్ ఒకేసారి సరిచూడదు, రెండు ముక్కలుగా సరిచూస్తుంది. పైగా చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టేదే. అందువల్ల కోట్లలో ఉండాల్సిన ప్రయత్నాలు 11,000కు పడిపోతాయి. ఈ లోపం 2011 డిసెంబరులోనే బయటపడింది, అయినా ఇప్పటికీ చాలా ఇళ్లలో అది పనిచేస్తూనే ఉంది.

కావలి మాస్టారు
ఇంకో మాట. వైఫై పేరు కనిపించకుండా దాచేయండి. మా ఇంట్లో అలాగే పెట్టుకున్నాను.

సంతపేట (ఒంగోలు)
మాస్టారూ, మీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. పేరు దాచినా మీ ఫోను, రౌటర్ మాట్లాడుకునేటప్పుడు ఆ పేరు గాలిలో వెళుతూనే ఉంటుంది. వెతికేవాడికి దొరుకుతుంది. పైగా మీరు ఇల్లు దాటినా కొన్ని పరికరాలు ఆ పేరును పిలుస్తూ తిరుగుతాయి. దానికన్నా భద్రతా రకంలో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకుని పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోవడమే బలం. సులువుగా ఛేదించగల పాత రకం డబ్ల్యూఈపీ అని ఉంటే మాత్రం ఆ రోజే మార్చేయాలి.

కావలి మాస్టారు
తెలియజెప్పినందుకు సంతోషం బాబూ. ఈ రాత్రికే మారుస్తాను. పొడవు అంటే ఎంత?

సంతపేట (ఒంగోలు)
సంబంధం లేని నాలుగైదు మాటలు కలపండి మాస్టారూ. ఇంటి పేరు, పిల్లల పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు వద్దు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పు లేదు.

కొత్తపట్నం చెరువు
లెక్కలు చూసే అన్నా, నా అనుమానం మీ కెమెరాల రికార్డర్ మీద. నాకు జరిగింది చెబుతాను. మాకు సముద్రం ఒడ్డున రెండు రొయ్యల చెరువులున్నాయి. రాత్రిళ్లు ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకని మేత షెడ్డు దగ్గర కెమెరాలు పెట్టించి, ఇంటి నుంచి ఫోనులో చూసుకునేవాణ్ణి. బిగించిన కుర్రవాడు బయటి నుంచి కనిపించడానికి రౌటర్‌లో పోర్ట్, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి, తెరిచి వెళ్లాడు. రికార్డర్ పాస్‌వర్డ్ 123456. అది మార్చాలని అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆరు నెలల తర్వాత కెమెరా బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. తీగ బాగాలేదనుకుని రెండుసార్లు మార్పించాను. చివరికి నెట్ ఇచ్చేవాళ్లే ఫోను చేసి, మీ లైను నుంచి బయటికి విపరీతంగా సమాచారం పోతోందని చెప్పారు. నా రికార్డర్‌ను ఎవరో పనిలో పెట్టుకుని, దాంతో మరెవరి మీదనో దాడి చేయిస్తున్నారు. నా చెరువు కాయడానికి కొన్న వస్తువు అది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఈ రాత్రి దీపాలు కొట్టుకునేటప్పుడు రికార్డర్ నెట్ తీగ ఒక్కటి లాగి చూడండి. నెమ్మదిస్తే దొంగ దొరికినట్టే.

చీమకుర్తి
కొత్తపట్నం ఆయన చెప్పినలాంటిదే 2016లో ప్రపంచమంతా చూసింది. మిరాయ్ అనే వైరస్ కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు వెతుక్కుంటూ వెళ్లి, కంపెనీలు పెట్టి పంపిన పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా జతలు ఒక్కొక్కటే కొట్టి చూసేది. తలుపు తెరుచుకున్న పరికరాలన్నింటినీ కలిపి ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే సంస్థ మీద విరుచుకుపడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు.

అది రికార్డర్ తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉండేది, కాబట్టి కరెంటు తీసి పెడితే పోతుంది. కానీ పాస్‌వర్డ్ మార్చకుండా మళ్లీ నెట్‌కు తగిలిస్తే కొద్దిసేపట్లోనే తిరిగి పట్టుకోవచ్చు. అందుకే ముందు నెట్ తీగ తీయాలి, తర్వాత రికార్డర్ ఆపి మళ్లీ వేయాలి, పాస్‌వర్డ్ మార్చాలి, ఆ తర్వాతే తీగ తగిలించాలి. రౌటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆపండి. అది పనిచేస్తుంటే ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండానే బయటికి పోర్ట్ తెరుచుకోగలదు.

పొదిలి
ఒక హెచ్చరిక. నేను ఇవన్నీ చదివి ఉత్సాహంగా రౌటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చాను. అన్నీ మొదటికి వచ్చాయి, నెట్ కూడా పోయింది. కనెక్షన్‌కు వాళ్లిచ్చిన యూజర్ పేరు అందులోనే ఉందట. రెండు రోజులు పిల్లల ఆన్‌లైన్ పాఠాలు ఆగిపోయాయి. ముందు ఆ వివరాలు అడిగి రాసుకోండి.

వేదాయపాళెం లెక్కలు (నెల్లూరు)
కొత్తపట్నం తమ్ముడూ, నీకు చేతులెత్తి నమస్కారం. రాత్రి పన్నెండుకు రికార్డర్ తీగ లాగాను. నిమిషంలో దీపాలు నెమ్మదించాయి, నెట్ మామూలైంది. చీమకుర్తి గారు చెప్పిన వరుసలోనే అంతా చేశాను. రౌటర్‌లో చూస్తే రికార్డర్ కోసం రెండు పోర్టులు తెరిచి ఉన్నాయి, మూసేశాను.

అదనంగా కనిపించిన ఐదింటి సంగతి మాత్రం పూర్తిగా తేలలేదు. ఒకటి మేడ మీది సోలార్ ఇన్వర్టర్. రెండు పై వాటాలో అద్దెకు ఉన్న పిల్లలవి, మా అమ్మాయే పాస్‌వర్డ్ చెప్పిందట. మిగతా రెండింటికి పేరు లేదు, అంకెలే ఉన్నాయి.

సంతపేట (ఒంగోలు)
ఆ రెండూ మీ ఫోన్లే కావచ్చు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోను తన అసలు గుర్తింపు సంఖ్య బదులు వేరేది చూపిస్తుంది. పాత సంఖ్య కూడా జాబితాలో మిగిలి ఉంటే ఒకే ఫోను రెండుగా కనిపిస్తుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక ఒక్కొక్క పరికరం కలుపుతూ లెక్కపెట్టండి. పై వాటా పిల్లలకు కాదనకండి, రౌటర్‌లో అతిథుల వైఫై విడిగా ఉంటుంది, అది ఇవ్వండి. ఇన్వర్టర్‌ను కూడా అందులోకే మార్చండి. మీ లెక్కల కంప్యూటర్లు, ప్రింటర్ మాత్రమే అసలు దానిలో ఉండాలి.

అన్నట్టు, మీ కంప్యూటర్లలో విండోస్ 10 ఉందా? దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లెక్కలన్నీ విడి హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి, పని కాగానే దాన్ని ఊడదీసి పెట్టుకోండి. తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది.

వేదాయపాళెం లెక్కలు (నెల్లూరు)
ఒకదాంట్లో 10 ఉంది, మార్పిస్తాను. పాస్‌వర్డ్ మార్చి ఒక్కొక్కటే కలిపితే సరిగ్గా ఎనిమిది వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్లు, ప్రింటర్ తప్ప మిగిలినవన్నీ అతిథుల వైఫైలో ఉన్నాయి. నిన్న మా మిల్లు యజమానికి ఫోను చేసి, ఆయన ఇంట్లో కెమెరాల రికార్డర్ పాస్‌వర్డ్ ఏమిటని అడిగాను. బిగించింది మా ఇంటికి వచ్చిన అతనే. మా పాత పాస్‌వర్డే అక్కడా ఉంది. ఆదివారం కోవూరు వెళ్లి మార్చి వస్తాను.